లేత బత్తాయి తోటలో కలుపు: ముందు పాదు చూసుకోండి

నల్గొండ జిల్లాలో లేత బత్తాయి తోటలు చూస్తే చాలా వాటిలో ఒకటే తీరు. వరుసల మధ్య రొటావేటర్ కొట్టించి నేల ఎర్రగా, నున్నగా ఉంటుంది. మొక్క మొదట్లో మాత్రం మోకాలెత్తు గడ్డి. ట్రాక్టరు మొక్క దాకా రాలేదు, కూలీలు దొరకలేదు, గడ్డి అలాగే మిగిలింది. దూరం నుంచి చూస్తే తోట శుభ్రంగానే ఉన్నట్టుంటుంది. నా మాట వింటే దీన్ని పూర్తిగా తిరగేయండి. మొక్క చుట్టూ గడ్డిపోచ ఉండొద్దు. వరుసల మధ్య గడ్డి ఉన్నా నష్టం లేదు, మోకాలు దాటకుండా కోస్తూ ఉంటే చాలు.

మాది రెండెకరాల చెల్క. సాత్‌గూడి రకం, రంగపూర్ నిమ్మ మీద అంటు కట్టిన మొక్కలు, 20 అడుగులకు ఒకటి చొప్పున పెట్టాం. అంటే ఎకరానికి 108 మొక్కలు. మొదటి ఏడు మొక్క నుంచి అన్ని వైపులా రెండడుగులు శుభ్రంగా ఉంచాలంటే ఒక్కో పాదు పన్నెండు, పదమూడు చదరపు అడుగులు అవుతుంది. రెండెకరాల్లో పాదులన్నీ కలిపినా మొత్తం నేలలో నూటికి మూడు పాళ్లే. ఈ లెక్క కాగితం మీద వేసుకున్నాక నాకు సగం టెన్షన్ తగ్గింది. రెండెకరాల్లో కలుపు లేకుండా చేయడం ఎవరి వల్లా కాదు. నూటికి మూడు పాళ్ల నేల ఎవరైనా చూసుకోగలరు. అనంతపురం, కడప వైపు చీనీ (బత్తాయినే అక్కడ అలా అంటారు) రైతులకైనా, కొత్తగా మామిడి పెట్టినవాళ్లకైనా ఇదే లెక్క. మొక్కల దూరం మారితే అంకె మారుతుంది, అంతే.

పాదులోనే ఎందుకంత పట్టింపు అంటే, నాటిన మొదటి రెండు మూడేళ్లు మొక్కకు ఉన్న నేల అదొక్కటే. నీళ్లు, ఎరువు తీసుకునే సన్నని పీచు వేళ్లు చాలావరకు పై అడుగులోనే తిరుగుతుంటాయి. గడ్డి వేళ్లూ అక్కడే. ఎండాకాలంలో తోట మొత్తం మీద తడి ఉండేది డ్రిప్పర్ కిందనే కాబట్టి గడ్డి కూడా అక్కడే ఒత్తుగా మొలుస్తుంది. అంటే మనం బోరు నడిపి ఇచ్చే నీళ్లలో ముందు తాగేది గడ్డి, మిగిలింది మొక్క. ఎరువు సంగతీ అంతే. పాదులో చల్లిన యూరియాకు ముందు పచ్చబడేది గడ్డి.

అన్ని కలుపులూ ఒక్క తీరుగా నష్టం చేయవు. గడ్డి చామంతి, నానబాలు, నేల ఉసిరి లాంటివి ఒకటో రెండో కనబడితే కంగారు పడక్కర్లేదు. గరిక, తుంగ, దర్భ లాంటివి పాదులోకి వస్తే మాత్రం ఒక్క వారం కూడా ఊరుకోవద్దు. వాటి వేళ్లు మొక్క వేళ్ల మధ్యలోకి దూరి, చాపలా అల్లుకుపోతాయి. నమ్మకం కుదరకపోతే మీ తోటలోనే చూసుకోండి. ఒకే రోజు నాటిన, ఒకే వరుసలో ఉన్న రెండు మొక్కల దగ్గర నిలబడండి, ఒకటి గడ్డిలో ఉన్నది, ఒకటి శుభ్రమైన పాదులో ఉన్నది. గడ్డిలో ఉన్న మొక్క చిగురు పొట్టిగా ఉంటుంది, ఆకు లేత పసుపుగా ఉంటుంది. చాలామంది దాన్ని చూసి జింకు లోపం అనో, ఇనుము లోపం అనో మందు తెచ్చి కొడతారు. ముందు గడ్డి తీసి, నెల రోజులు ఆగి చూడండి.

గీకాలి, తవ్వొద్దు

మా అత్తమ్మ నాకు మొదట నేర్పింది ఇదే. "గీకాలె బిడ్డా, తవ్వొద్దు" అనేది. పార ఎత్తి మొక్క మొదట్లో ఒక్క దెబ్బ వేస్తే గడ్డితో పాటు పీచు వేళ్లు తెగుతాయి. వేరుకు తగిలిన గాయం బత్తాయికి మామూలు గాయం కాదు. బంక తెగులు తెచ్చే ఫైటోఫ్తోరా అనే శిలీంధ్రం లాంటి సూక్ష్మజీవి మట్టిలోనే ఉంటుంది, తడి ఉన్నప్పుడు గాయం దొరికితే లోపలికి పోతుంది. మూడేళ్ల తర్వాత కాండం మీద బంక కారుతుంటే మనకు ఆ రోజు పడిన పార దెబ్బ గుర్తు కూడా ఉండదు.

కాబట్టి పనిముట్టును దూరాన్ని బట్టి మార్చుకోండి. కాండం చుట్టూ జానెడు దూరం వరకు చేతితోనే పీకాలి. దానికి బయట కుర్పితో పైపైన, రెండు వేళ్ల లోతుకు మించకుండా గీకాలి. పాదు గట్టు మీద పార వాడినా పర్వాలేదు. వాన పడి, పైన ఆరి, లోపల కాస్త తడి ఉన్న రోజు దీనికి మంచిది. ఆ రోజు వేరుతో సహా వస్తుంది. నేల గట్టిపడ్డాక పీకితే పైన తెగి, కింద నుంచి రెండు పిలకలు వేస్తుంది.

కూలీకి వచ్చిన అక్కలకు పని మొదలుపెట్టే ముందు ఒక పాదు మీరే చేసి చూపించండి. మరో మాట కూడా చెప్పండి: గీకిన మట్టిని మొక్క మొదట్లోకి లాగొద్దని. అలవాటు కొద్దీ అందరూ మట్టి మొక్క వైపే లాగుతారు, పత్తికి, మిరపకు అలాగే చేస్తారు కాబట్టి. బత్తాయిలో అంటు కట్టిన చోటు నేలకు జానెడు పైన కనబడుతూ ఉండాలి. అది మట్టిలో పూడితే సాత్‌గూడి కాండానికి తడి తగిలి, రంగపూర్ వేరు పెట్టుకున్న లాభం పోతుంది. మట్టిని ఎప్పుడూ బయటికే లాగాలి. కాండం మొదట్లో చిన్న తిన్నె, దాని చుట్టూ నీళ్లు నిలిచే పాదు, బయట గట్టు. నీళ్లు కాండానికి తగలకూడదు. డ్రిప్పర్ కాండం మొదట్లోనే ఉంటే దాన్ని అడుగు దూరం జరపండి.

ఇక ఎప్పుడు తీయాలనేది. మృగశిర కార్తె మొదట్లో, అంటే జూన్ రెండో వారంలో మంచి వాన పడితే, వారం పది రోజుల్లో నేల మీద పచ్చని నూగులా మొలకలు వస్తాయి. చాలామంది దాన్ని చూసి, ఇంకా చిన్నగానే ఉంది కదా, కొంచెం పెరగనీ అంటారు. చిన్నగా ఉన్నప్పుడే తీయాలి. రెండు మూడు ఆకుల మీద ఉన్నప్పుడు కుర్పి ఒక్కసారి తిప్పితే పాదు అయిపోతుంది. ఆరుద్ర దాటి జానెడు ఎత్తు వచ్చాక అదే పాదుకు నాలుగింతల సమయం పడుతుంది, కూలీ నాలుగింతలు అవుతుంది. మొదటిసారి తీసిన పదిహేను, ఇరవై రోజులకు రెండో విడత మొలకలు వస్తాయి. అవి కూడా తీశారంటే ఆ వానాకాలం సగం గెలిచినట్టే.

పీకింది ఎక్కడ వేయాలనేది కూడా చూసుకోవాలి. ఎండ కాస్తుంటే వేళ్లు పైకి ఉండేలా పాదులోనే పరిచేయండి, సాయంత్రానికి వాడిపోతుంది. ముసురు పట్టిన రోజుల్లో అలా చేయొద్దు. గలిజేరు, గంగపాయల, వెన్నదేవి లాంటివి తడి నేల మీద పడితే చాలు, కణుపు కణుపుకూ వేరు వేసి మళ్లీ లేస్తాయి. అప్పుడు గంపలో వేసుకుని బయట పెంటకుప్పలో వేయాలి. గింజ పట్టిన కలుపు అయితే కుప్పలో పైపైన కాకుండా మధ్యలో, వేడి పుట్టే చోట వేయండి.

కప్పు వేస్తే సగం పని తగ్గుతుంది

గీకి ఖాళీగా వదిలేసిన పాదు మళ్లీ విత్తనాలకు పడకే. గీకిన రోజో, మరునాడో దాని మీద కప్పు వేయాలి. వెలుతురు తగలకపోతే చాలా రకాల కలుపు గింజలు మొలకెత్తవు, మొలిచినవి కూడా పైకి రాలేవు. మా దగ్గర దొరికేవి వరిగడ్డి, వేరుశనగ పొట్టు, ఎండుటాకు. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు మిషన్ కోతలు అయ్యాక ఎంతో గడ్డి పొలాల్లోనే కాల్చేస్తారు. చెల్కల్లో బత్తాయి పెట్టిన మనం కప్పుకు ఏమీ లేక పాదులు ఎండగడతాం. ట్రాలీ కిరాయి పెట్టి తెచ్చుకున్నా నష్టం లేదు, రెండుసార్లు కలుపు కూలీ ఆదా అయితే కిరాయి వచ్చేస్తుంది. మిషన్ కోసిన గడ్డిలో తాలు, వడ్ల గింజలు ఉంటాయి, పాదులో నాలుగు వరి మొలకలు రావచ్చు. అవి చేత్తో లాగితే వచ్చేస్తాయి.

మందం నాలుగు అంగుళాలు ఉండాలి. రెండడుగుల పాదుకు ఆ మందం వేయాలంటే వేరుశనగ పొట్టయితే దాదాపు రెండు గోనె సంచులు పడుతుంది. వరిగడ్డి అణిగిపోతుంది కాబట్టి వేసే రోజు అంతకు రెట్టింపు ఎత్తు వేయండి. పల్చగా వేయడం కంటే వేయకపోవడం మేలు. పల్చని గడ్డి తడిని పట్టి ఉంచుతుంది, వెలుతురును మాత్రం ఆపదు, దాంతో కలుపు ఇంకా ఏపుగా వస్తుంది.

కాండం చుట్టూ జానెడు మేర కప్పు వద్దు, నేల కనబడాలి. కప్పు కాండాన్ని ఆనుకుని ఉంటే అక్కడ ఎప్పుడూ తడి ఉండి బెరడు కుళ్లుతుంది, ఎలుకలు చేరి బెరడు కొరుకుతాయి. ఎర్ర నేలల్లో చెదలు కూడా ఉంటాయి. చెద ముందు పట్టేది ఎండిన గడ్డినే, కానీ అది కాండాన్ని తాకుతూ ఉంటే మట్టి పెళ్లలు కాండం మీదికి ఎక్కుతాయి. అప్పుడప్పుడు కప్పు ఎత్తి చూడండి. చూసేటప్పుడు చేయి పెట్టకుండా కర్రతో ఎత్తండి, కింద తేళ్లు, పాములు ఉండొచ్చు.

ఒకసారి వానాకాలం చివర్లో ఆ గడ్డిని ఒక పక్కకు తీసి చూస్తే మీకే తెలుస్తుంది. కింద మట్టి నల్లబారి, మెత్తగా, వేలు దిగేలా ఉంటుంది. గడ్డి, మట్టి కలిసే చోట బత్తాయి పీచు వేళ్లు తెల్లగా, లేత పసుపుగా సన్నని దారాల్లా పాకి ఉంటాయి. పక్కనే ఎండకు కాలే ఖాళీ పాదులో ఆ పైపొరలో ఒక్క వేరూ ఉండదు. అందుకే కప్పు వేసిన పాదులో ఆ తర్వాత కుర్పి అసలు పెట్టొద్దు. వచ్చిన ఒకటీ అరా కలుపు చేత్తో తీసి, తీసిన చోట గుప్పెడు గడ్డి వేయాలి. ఎరువు వేయాలంటే గడ్డి జరిపి, నేల మీద వేసి, మళ్లీ కప్పాలి. వరిగడ్డిని మట్టిలో కలపొద్దు. కలిపితే అది కుళ్లడానికి నేలలోని నత్రజనిని వాడుకుంటుంది, మొక్క పసుపెక్కుతుంది. పైన పరిచి ఉంచితే ఆ బాధ ఉండదు.

ప్లాస్టిక్ మల్చింగ్ షీటు, నేసిన వీడ్ మ్యాట్ కూడా వాడుతున్నారు. డబ్బు పెట్టగలిగితే వీడ్ మ్యాట్ మంచిదే, నీళ్లు లోపలికి దిగుతాయి, కొన్నేళ్లు వస్తుంది. నల్ల షీటు నాకు బత్తాయిలో నచ్చదు. ఎండకు చినిగి ముక్కలు ముక్కలై మట్టిలో కలిసిపోతుంది. పైగా తుంగ ఉన్న నేలలో అది ఉండీ లాభం లేదు, తుంగ మొన షీటును పొడుచుకుని బయటికి వస్తుంది.

తుంగ, గరిక

ఒక తుంగ మొక్కను నెమ్మదిగా, మట్టి వదులు చేసి పైకి తీసి చూడండి. ఆకుల మొదట్లో చిన్న గడ్డ. దాని నుంచి సన్నని తీగ ఒకటి అడ్డంగా పోతుంది. ఆ తీగ వెంట వేలితో మట్టి తోసుకుంటూ పోతే బెత్తెడు దూరంలో నల్లని కాయ, అక్కడి నుంచి ఇంకో తీగ, ఇంకో కాయ. గిల్లితే మంచి వాసన వస్తుంది, సున్నిపిండిలో వేసే తుంగముస్తెలు ఇవే. ఈ గొలుసు తెగనంతవరకు చివరి మొక్క బతికున్నప్పుడు మిగతా కాయలు చాలావరకు నిద్రలోనే ఉంటాయి. గొలుసును రొటావేటర్ ముక్కలు చేసిందంటే ఒక్కో కాయ ఒక్కో మొక్క అవుతుంది. ఒక మూలన ఉన్న తుంగ రెండు దుక్కుల్లో తోటంతా పాకేది ఇలాగే. ట్రాక్టరు కిరాయికి వచ్చినప్పుడు రొటావేటర్ పళ్లకు అంటిన మట్టిని గట్టు మీదే దులిపించండి. పక్క పొలం తుంగ మీ పొలానికి ఆ మట్టిలోనే వస్తుంది.

పాదులో తుంగ ఉంటే రెండే దారులు. మొదటిది, కొత్తగా ఉంటే, ఐదారు మొక్కలే ఉంటే, వాన తర్వాత మెత్తగా ఉన్న రోజున గొలుసు తెగకుండా కాయలతో సహా తీసేయడం. ఎక్కువ కాయలు జానెడు లోతులోపే ఉంటాయి. లేత మొక్క వేళ్లు తెగకుండా చేతితో మట్టి తోస్తూ తీయాలి, తీసిన కాయలను బండ మీద ఎండకు వేసి ఎండబెట్టాలి. గట్టు మీద పడేస్తే అక్కడి నుంచి మళ్లీ వస్తుంది.

రెండోది, అల్లుకుపోయి ఉంటే, దాన్ని ఆకలితో చంపడం. మొలక వచ్చిన నాలుగు నుంచి ఆరు వారాల తర్వాతే తుంగ కొత్త కాయలు కట్టడం మొదలుపెడుతుంది. అంతవరకు పాత కాయలో దాచుకున్న బలంతోనే లేస్తుంది. కాబట్టి ప్రతి రెండు మూడు వారాలకు పైన కోసేస్తూ ఉంటే కాయకు ఖర్చే గాని రాబడి ఉండదు. ఒక వానాకాలంలో పోదు, రెండేళ్లు పట్టు వదలకుండా చేస్తే పల్చబడుతుంది. నీడ కూడా దానికి పడదు. చెట్టు గొడుగు పరుచుకున్నాక దాని కింద తుంగ తనంతట తానే తగ్గుతుంది. అందుకే పోరాటమంతా మొదటి మూడేళ్లదే.

ఇంకా మొక్కలు నాటనివాళ్లు అదృష్టవంతులు. తుంగ ఉన్న నేలను ఎండాకాలంలో లోతుగా దున్ని, కాయలు పైకి తేలేలా చేసి, రోహిణి కార్తె ఎండలకు వదిలేయండి. కాయ ఎండితే చస్తుంది. నర్సరీలో మొక్కలు ఎంచేటప్పుడు ఆకుల కంటే ముందు కవరులో మట్టి చూడండి. కవరులో తుంగ మొన కనబడితే ఆ మొక్క ఎంత బాగున్నా వద్దు. పచ్చి పెంట కూడా అంతే ప్రమాదం. బాగా మాగని పశువుల పెంటలో సగం కలుపు విత్తనాలే. చేతిలో తీసుకుంటే పొడిగా, వాసన లేకుండా ఉన్న పెంటే పాదుకు వేయాలి. లేత తోటలో గొర్రెల మంద పెట్టించడం అసలు వద్దు. చిగుళ్లు తినడం ఒక నష్టమైతే, పెంటికల్లో సర్కారు తుమ్మ గింజలు వచ్చి తోటంతా మొలవడం ఇంకో నష్టం.

గరిక సంగతి వేరు, దానికి కాయలు లేవు గాని కణుపు కణుపూ బతుకుతుంది. గట్టు మీద నుంచి పాదులోకి పాకుతుంది. పాదులోది తీసి, గట్టు మీదది వదిలేస్తే నెలలో తిరిగి వస్తుంది. గట్టుకు, పాదుకు మధ్య అడుగు వెడల్పున ఎప్పుడూ ఖాళీగా గీకి ఉంచండి. దాటబోయిన తీగ కనబడగానే తెంపేయొచ్చు.

వయ్యారిభామ గురించి రెండు ముక్కలు చాలు. పూత రాకముందే, చేతికి తొడుగు వేసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, వేరుతో పీకేయాలి. దాని వల్ల చర్మం మీద దద్దుర్లు, ఆయాసం వస్తాయి, ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది. మెక్సికో నుంచి తెచ్చి 1984లో మన దేశంలో వదిలిన ఒక పెంకు పురుగు దీని ఆకులు తింటుంది. వానాకాలంలో వయ్యారిభామ ఆకుల మీద గోధుమ రంగు చారలున్న చిన్న పురుగులు కనబడితే వాటి జోలికి పోవద్దు.

వరుసల మధ్య

ఇక్కడ నేల ఖాళీగా ఉంచడం కంటే ఏదో ఒకటి ఉండటమే మేలు. మొదటి రెండు మూడేళ్లు పెసర, బొబ్బర్లు, వేరుశనగ వేసుకోవచ్చు, మొక్కకు మూడడుగుల దూరం వదిలి. అవి నేలను కప్పి కలుపును అణిచేస్తాయి, నత్రజని ఇస్తాయి, ఇంటికి పప్పు వస్తుంది. మిరప, టమాట, వంగ వద్దు, వాటి తెగుళ్లు, నులిపురుగులు బత్తాయికి మంచివి కావు. మొక్కజొన్న ఎత్తు పెరిగి నీడ పడుతుంది, మొక్క వెలుతురు కోసం సన్నగా సాగుతుంది. పత్తి చాలామంది వేస్తారు, డబ్బు అవసరం నాకు తెలుసు. కానీ పత్తికి కొట్టే మందులు, అది తాగే నీళ్లు రెండూ లేత తోటకు బరువే.

పంట వేయలేకపోతే జనుము గాని జీలుగ గాని చల్లండి. పూత మొదలయ్యే ముందు, సుమారు నలభై ఐదు రోజులకు, కోసి తెచ్చి పాదుల్లో కప్పుగా వేసేయొచ్చు. మా తోటలో బయటి నుంచి గడ్డి తెచ్చే ఖర్చు తగ్గింది దీనితోనే.

మిగిలిన గడ్డిని మిషన్‌తో కోయండి. కానీ బ్రష్ కట్టర్ పట్టినవాళ్లను మొక్క దగ్గరికి రానివ్వొద్దు. నైలాన్ తీగ తగిలితే లేత బెరడు క్షణంలో లేచిపోతుంది. కాండం చుట్టూ బెరడు పోతే ఆకు చేసిన ఆహారం వేరుకు దిగదు, మొక్క కొన్ని నెలలు పచ్చగానే ఉండి తర్వాత చస్తుంది. నాలుగు అంగుళాల పీవీసీ పైపు ముక్కలు జానెడున్నర పొడవు కోసి, నిలువుగా చీల్చి, మొక్కకు తొడిగితే కాపలా. కోత అయ్యాక తీసేయండి, లేకపోతే లోపల తడి, చీమలు చేరతాయి. పొరపాటున గాయమైతే అదే రోజు బోర్డో పేస్టు పూయండి: మైలుతుత్తం కిలో, సున్నం కిలో, నీళ్లు 10 లీటర్లు.

బతుకమ్మ నాటికి చెల్కల్లో గునుగు నిండా పూసి ఉంటుంది. గునుగు కంకి కింది నుంచి పైకి పూస్తుంది, పైన ఇంకా గులాబీ రంగు ఉండగానే కింద నల్లని మెరిసే గింజలు తయారవుతుంటాయి. పాదుల్లో ఉన్నదాన్ని అంతదాకా రానివ్వొద్దు. వరుసల మధ్య ఉన్న గునుగును మాత్రం ఊళ్లో పిల్లలు, ఆడవాళ్లు అడిగితే సంతోషంగా కోసుకోమనండి. ఎన్ని కట్టలు కోసుకుపోతే మీ నేలలో గింజ అంత తగ్గుతుంది.

గడ్డి మందు

ఇది లేత తోటలో వద్దని నేను గట్టిగా చెబుతాను. గ్లైఫోసేట్ ఆకు నుంచి వేరు దాకా దిగి మొక్కను చంపుతుంది. గట్టి బెరడు కట్టిన పెద్ద చెట్టు కాండం దాన్ని చాలావరకు ఆపుతుంది. రెండేళ్ల బత్తాయి కాండం ఇంకా పచ్చగానే ఉంటుంది, ఆ పచ్చ బెరడు ఆకులాగే మందును లోపలికి లాగుతుంది. గాలికి నాలుగు చుక్కలు కింది ఆకుల మీద పడినా చాలు. మొక్క వెంటనే చావదు. తర్వాత వచ్చే చిగురు చూడండి: ఆకులు సన్నగా, చిన్నగా, గుత్తులుగా వస్తాయి. జింకు లోపం కూడా దాదాపు అలాగే ఉంటుంది కాబట్టి రైతు జింకు కొడుతూనే ఉంటాడు, మొక్క కోలుకోదు. మా ఊళ్లో ఒక తోటలో గట్టు పక్క వరుస మొత్తం ఇలాగే ఏడాది వెనకబడింది.

చట్టం సంగతి కూడా ఉంది. గ్లైఫోసేట్‌కు మన దేశంలో అనుమతి తేయాకు తోటలకు, పంట లేని స్థలాలకు మాత్రమే. 2022 అక్టోబరులో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే కొట్టాలి. దుకాణంలో ఇచ్చారు కదా అని బత్తాయి పాదులో కొట్టడం సరైంది కాదు.

పారాక్వాట్ తగిలిన చోట మాత్రమే మాడుస్తుంది, వేరుకు దిగదు, అందుకని కొందరు ఇది నయం అంటారు. మనిషికి మాత్రం అంతకంటే ప్రమాదం లేదు. పొరపాటున ఒక గుక్క లోపలికి పోయినా ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, దానికి విరుగుడు మందు లేదు. దయచేసి ఏ గడ్డి మందునూ నీళ్ల సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఇంట్లో పెట్టకండి. మిగిలిందని పక్కింటికి సీసాలో పంపకండి. పిల్లలున్న ఇంట్లో అసలు ఉంచకండి.

2,4-డి అనే గడ్డి మందును వరి పొలంలో కొట్టిన పంపుతో బత్తాయికి పురుగు మందు కొట్టినా ఆకులు మెలి తిరుగుతాయి. కడిగాం కదా అనుకుంటాం, గొట్టంలో, నాజిల్‌లో కొంత మిగులుతుంది. కిరాయి పంపు తెచ్చేటప్పుడు ముందు ఏం కొట్టారో అడగండి. వీలైతే తోటకు వేరే పంపు పెట్టుకోండి.

పాదులో కూర్చున్నప్పుడు కాండం కూడా చూడండి

కలుపు తీయడానికి వంగినప్పుడే అంటుకు కింద ఏమైనా మొలిచిందా చూసుకోవాలి. రంగపూర్ నిమ్మ నుంచి వచ్చే పిలకలు సాత్‌గూడి కంటే వేగంగా, ముళ్లతో పెరుగుతాయి. వదిలేస్తే రెండేళ్లలో అవే చెట్టు అవుతాయి, బత్తాయి వెనకబడిపోతుంది. బెత్తెడు ఉన్నప్పుడే బొటనవేలితో పక్కకు తోస్తే మొదలంటా ఊడి వస్తుంది. ముదిరాక కత్తితో కోస్తే అక్కడే మళ్లీ రెండు వస్తాయి.

తీగలు కొమ్మ మీదికి ఎక్కి ఉంటే పైనుంచి గుంజొద్దు, చిగుళ్లు విరుగుతాయి. మొదలు వెతికి కోసేసి, పైది ఎండాక దులపాలి. ఆకులు లేకుండా పసుపు దారాల్లా చుట్టుకున్న బంగారు తీగ కనబడితే మాత్రం ఎండే దాకా ఆగడానికి లేదు. దానికి నేలలో వేరు ఉండదు, బత్తాయి కొమ్మలోంచే రసం తాగుతుంది, వేలెడు ముక్క మిగిలినా మళ్లీ అల్లుకుంటుంది. అది చుట్టుకున్న కొమ్మను కిందికి బెత్తెడు కలిపి కోసి, సంచిలో వేసుకుని, తోట బయట కాల్చేయండి.